ఈ పాట కోరినవారు...

జనగామకి సొంతంగా పాటల రేడియో స్టేషన్ లేదు. మహబూబాబాద్‌కీ లేదు, భూపాలపల్లికీ లేదు. అయినా ఈ మూడు ఊళ్లలో నలభై అయిదు దాటినవాళ్లని ఎవరినైనా కదిలించి చూడండి, 'మన స్టేషన్' గురించి అరగంటకి తక్కువ కాకుండా చెబుతారు. వాళ్లు చెప్పేది వరంగల్ ఆకాశవాణి గురించి. 1990లో మొదలైన ఎఫ్.ఎం. కేంద్రం అది. ముల్లు 103.5 దగ్గర ఆపితే పలికేది. వరంగల్ నుంచి జనగామ ఒక దిక్కు, మానుకోట ఇంకో దిక్కు (మహబూబాబాద్‌ని మా వైపు పాతవాళ్లు మానుకోట అనే అంటారు), భూపాలపల్లి మరో దిక్కు. మూడూ కాస్త అటూ ఇటూగా అరవై కిలోమీటర్లు. అంటే ఆ స్టేషన్ గొంతు అలిసిపోయి ఆగిపోయే చోట మేం ఉన్నామన్నమాట!

ఆ సంగతికి వచ్చేముందు, అంతకుముందు మావాళ్లు ఏం వినేవాళ్లో చెప్పాలి. తాతల కాలంలో హైదరాబాద్‌లో దక్కన్ రేడియో ఉండేది. నిజాం సర్కారుది కాబట్టి అందులో ఉర్దూదే పైచేయి. 1950 ఏప్రిల్‌లో అది ఆకాశవాణిలో కలిసింది. తర్వాత రెండేళ్లకి కేంద్రంలో సమాచార శాఖ చూసే మంత్రిగా బి.వి.కేస్కర్ వచ్చాడు. ఆయనకి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే గిట్టదు. దాంతో ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైంది. జనం ఊరుకుంటారా? ముల్లు తిప్పి సిలోన్ పట్టుకున్నారు. 'బినాకా గీత్‌మాలా'తో అమీన్ సయానీ దేశమంతటికీ చుట్టమైపోయాడు. తెలుగు పాటల కోసం సిలోన్ తిప్పేవాళ్లకి మీనాక్షి పొన్నుదురై గొంతు ఇంట్లో మనిషి గొంతంత పరిచయం. సముద్రం అవతల నుంచి మన ఘంటసాలని మనకి వినిపించేవాళ్లు. చివరికి సర్కారు దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. మొత్తానికి గెలిచింది పాటే.

రేడియో ఉండాలంటే అప్పట్లో లైసెన్సు కూడా ఉండాలి. ఏడాదికి 15 రూపాయలు పోస్టాఫీసులో కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. 1980ల్లో ఆ పద్ధతి ఎత్తేశారు. మా నాయిన మాత్రం ఆ పుస్తకాన్ని చాలా ఏళ్లు టేపు, కత్తెర పెట్టుకునే సొరుగులోనే దాచుకున్నాడు. "సర్కారోడు మల్ల అడిగితే?" అనేవాడు.

నాయినది జనగామలో టైలరు దుకాణం. రెండు మిషన్లు, గోడకి ఒక చెక్క పలక, దాని మీద తోలు సంచి తొడిగిన రేడియో. పొద్దున షట్టరు ఎత్తగానే ముందు అగరుబత్తి, తర్వాత రేడియో. అది మీడియం వేవు, షార్టు వేవు రెండే పలికే పాత సెట్టు. పగలు హైదరాబాద్, సాయంత్రం విజయవాడ. చీకటి పడితే ఎక్కడెక్కడి స్టేషన్లో ఒకదాని మీద ఒకటి ఎక్కి వచ్చేవి. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు 'జనరంజని' అయ్యేదాకా కదిలేవాళ్లు కాదు. 'సంక్షిప్త శబ్ద చిత్రం' వస్తుంటే మిషన్ తొక్కడం కూడా నేరమే. సినిమా మొత్తాన్ని మాటలుగా, పాటలుగా గంటకి కుదించి వినిపించేవాళ్లు కదా... టికెట్టు కొనలేని మాకు అదే సినిమా. హీరో ఎలా ఉంటాడో తెలియకపోయినా అతని తల్లి ఎందుకు చనిపోయిందో మాత్రం బాగా తెలిసేది.

వరంగల్‌లో స్టేషన్ పెట్టారని తెలిసిన రోజు దుకాణంలో ఒకటే హడావుడి. నాయిన ముల్లుని ఆ చివరి నుంచి ఈ చివరికి పదిసార్లు తిప్పాడు. గుర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎలా వస్తుంది? మా సెట్టుకి ఎఫ్.ఎం. బ్యాండే లేదాయె! ఈ సంగతి ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో ఇళ్లలో ఉన్న చాలా రేడియోలు అలాంటివే. స్టేషన్ వచ్చింది, వినే చెవి లేదు. కొత్త సెట్టు కొనాలి.

కొన్నది మా చిన్నాయిన. ఆయన భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడు. కాకతీయ ఖనుల్లో పని దొరికాక మా ఇంట్లో నెలజీతం చూసిన మొదటి మనిషి ఆయనే. ఓ పండక్కి వస్తూ టూ-ఇన్-వన్ పట్టుకొచ్చాడు. "అన్నా, గీ సెట్టుల వరంగల్ వస్తది" అని దుకాణంలో పెట్టాడు. వచ్చింది! కానీ మనం కదిలితే పోయేది. సెట్టు కాస్త ఎడమకి జరిపితే గొంతు, కుడికి జరిపితే ఇసుక రాలుతున్న చప్పుడు. రాగి తీగ ఒకటి ఏరియల్‌కి చుట్టి, రెండో కొసని పక్కనున్న వేపచెట్టు కొమ్మకి కట్టాక కుదురుకుంది.

ఇందులో మర్మం ఏమీ లేదని తర్వాత స్కూల్లో సైన్సు సారు చెప్పాడు. మీడియం వేవు తరంగాలు నేలని పట్టుకుని సాగుతాయి. రాత్రిపూట ఆకాశంలో పై పొరలకి తగిలి వెనక్కి వచ్చి ఎంతో దూరాన దిగుతాయి. అందుకే చీకటి పడ్డాక ఎక్కడివో స్టేషన్లు వినిపిస్తాయి. ఎఫ్.ఎం. అలా కాదు. దీపం వెలుగులాగా తిన్నగా పోతుంది. మధ్యలో గుట్ట అడ్డమొస్తే ఆగిపోతుంది. ఏ అడ్డం లేకపోయినా భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొంత దూరం పోయాక మన తలల మీద నుంచి దాటిపోతుంది. దగ్గర్లో ఉన్నవాళ్లకి చెవి పక్కన పాడినట్టుంటుంది, అంచున ఉన్నవాళ్లకి మాత్రం చెట్టూ తీగే దిక్కు. భూపాలపల్లి అడవి పక్కన చిన్నాయిన క్వార్టర్ల మీద అప్పట్లో టీవీ యాంటెన్నాల కంటే రేడియో కోసం కట్టిన తీగలే ఎక్కువట. ఇది ఆయన లెక్క, కాస్త తగ్గించుకుని నమ్మండి.

ఈ స్థానిక స్టేషన్ల ఆలోచన మనది మాత్రమే కాదు. 1984లో తమిళనాడు నాగర్‌కోయిల్‌లో మొదటిది పెట్టారు. రాజధాని నుంచి అందరికీ ఒకే మాట చెప్పడం కాకుండా, జిల్లా వాళ్లకి జిల్లా సంగతులు చెప్పాలన్నది ఉద్దేశం. 1989లో కొత్తగూడెం, మరుసటి ఏడాది వరంగల్ వచ్చాయి. మానుకోట ఈ రెండింటి మధ్యన పడింది. అక్కడివాళ్లు అదృష్టవంతులు. సెట్టుని ఉత్తరం వైపు తిప్పితే వరంగల్, తూర్పు వైపు తిప్పితే కొత్తగూడెం. రెండూ సగం సగం!

పాటలు హైదరాబాద్‌లోనూ వచ్చేవి. మరి వరంగల్‌లో ఏముంది? ఊళ్ల పేర్లున్నాయి. నా వరకు ఆ స్టేషన్ చరిత్ర అంటే అదే. కోరిన పాటల కార్యక్రమంలో పాటకి ముందు పేర్లు చదువుతారు. హైదరాబాద్ వాళ్లు చదివే పేర్లలో మా వైపు ఊళ్లు ఎప్పుడో ఒకటి వినబడేవి, అదీ నోరు తిరక్క విరిచి పలికేవాళ్లు. ఇక్కడ అలా కాదు. పాలకుర్తి, కొడకండ్ల, బచ్చన్నపేట, గూడూరు, కేసముద్రం, బయ్యారం, గణపురం, మొగుళ్లపల్లి... వరసపెట్టి వచ్చేవి. మానుకోట వైపు లంబాడా తండాల పేర్లు కూడా తడబడకుండా పలికేవాళ్లు. పాట మూడు నిమిషాలుంటే పేర్లు రెండు నిమిషాలు. మా దుకాణంలో పాటప్పుడు మాట్లాడినా ఊరుకునేవాళ్లు గానీ, పేర్లప్పుడు మాట్లాడితే కసిరేవాళ్లు.

హిందీ వినేవాళ్లకి ఝుమ్రీ తలైయా అనే పేరు గుర్తుండే ఉంటుంది. అప్పటి బీహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో చిన్న పట్నం. అభ్రకం గనుల ఊరు. సిలోన్‌కీ, వివిధ భారతికీ అక్కడి నుంచి ఎన్ని కార్డులు వెళ్లేవంటే, అసలు అలాంటి ఊరు నిజంగా ఉందా, రేడియో వాళ్లే కల్పించారా అని జనానికి అనుమానం వచ్చేది. గనుల ఊళ్లకీ పాటల కార్డులకీ ఏదో సంబంధం ఉందనిపిస్తుంది నాకు. సొంతూరు వదిలొచ్చి షిఫ్టుల్లో బతికే మనుషులు, ఊసు పోని మధ్యాహ్నాలు... భూపాలపల్లి నుంచి వెళ్లే కార్డుల వెనక కూడా అదే ఉండి ఉంటుంది. చిన్నాయిన అయితే ఒక్కోసారి ఒకే పాటకి మూడు కార్డులు రాసేవాడు, ఒకటి తన పేరున, రెండు షిఫ్టులో తోటివాళ్ల పేరున. వాళ్లకి ఆ సంగతి రేడియోలో విన్నాకే తెలిసేది!

ఇక మా అక్క సంగతి.

అక్కని 1991లో మానుకోట దగ్గర ఓ ఊరికి ఇచ్చారు. బావ మంచివాడు, మాట తక్కువ, పాటల పిచ్చి ఎక్కువ. పెళ్లిలో ఒప్పుకున్న లాంఛనాల్లో ఒక మోపెడ్ బాకీ ఉండిపోయింది. నాయిన రేపు మాపు అంటూ వచ్చాడు. ఇస్తే ఇంట్లో గింజలుండవు, ఇవ్వకపోతే మాట ఉండదు. ఆ ఏడు దసరాకి బిడ్డని తీసుకురావడానికి వెళ్తే, పదిమందిలో బావ తండ్రి నోరు జారాడు. నాయిన కూడా తక్కువేమీ అనలేదు. వచ్చే రైల్లో అన్నం ముద్ద ముట్టలేదట. ఇంటికొచ్చి, "ఆ గడప నేను తొక్క" అని ఒక్క మాట అన్నాడు. అంతే. రాకపోకలు ఆగాయి. అక్క ఉత్తరాలు కూడా ఆగాయి. మా వీధిలో ఫోను ఒక్క ఇంట్లోనే ఉండేది. అక్క అత్తగారి ఊళ్లో అదీ లేదు. జనగామ నుంచి మానుకోటకి కాజీపేటలో రైలు మారితే మూడు నాలుగు గంటల ప్రయాణం. రెండేళ్లపాటు ఆ మూడు నాలుగు గంటలు దాటలేకపోయాం.

అక్కకి నెల తప్పిందని ఎవరో సంతలో చెబితే అమ్మకి తెలిసింది. పురుడు పోసుకుందని, ఆడపిల్లని, అదీ అలాగే తెలిసింది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగలేదని అమ్మ రాత్రిళ్లు ఏడ్చేది. నాయిన వినబడనట్టు అటు తిరిగి పడుకునేవాడు.

ఓ మధ్యాహ్నం నేను దుకాణంలో గుండీలు కుడుతున్నాను. రేడియోలో పేర్లు చదువుతున్నారు. ఫలానా ఊరు, మహబూబాబాద్ మండలం అనగానే నాయిన కాళ్లు ఆగాయి. బావ పేరు వచ్చింది. తర్వాత అక్క పేరు. ఆ తర్వాత ఇంకో పేరు. అది మా నాయనమ్మ పేరు. నాయనమ్మ పోయి అప్పటికే పదేళ్లు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పసిపిల్లకి ఆ పేరు పెట్టారన్నమాట! అత్తగారింట్లో, అంత గొడవ తర్వాత, మా నాయిన తల్లి పేరు. నాయిన సెట్టు వైపు చెయ్యి చాపి గొంతు పెంచబోయాడు. చెయ్యి తగిలి సెట్టు జరిగి, మళ్లీ ఆ ఇసుక చప్పుడు. "అయ్యో... జర చూడు బిడ్డా, జర చూడు" అన్నాడు. నేను వేపచెట్టు దగ్గరికి పరిగెత్తి తీగ పట్టుకుని నిలబడ్డాను. మనిషి పట్టుకుంటే కొన్నిసార్లు బాగా పలికేది.

ఆ రాత్రే నా చేత కార్డు రాయించాడు. పదిహేను పైసల కార్డు. నా దస్తూరి బాగుంటుందని పేరు. పాట ఏదైనా పర్వాలేదన్నాడు, పేర్లు మాత్రం తను చెప్పినట్టే రాయమన్నాడు. మొదట అల్లుడి పేరు. తర్వాత బిడ్డ, మనవరాలు. తర్వాత వియ్యంకుడి పేరు కూడా చెప్పి, కాసేపు ఆగి, "రాయి, ఏంగాదు" అన్నాడు. అమ్మ పేరు, నా పేరు అయ్యాక తన పేరు చివర్న.

తర్వాత ఎదురుచూపులు. వారం, రెండు వారాలు, నెల. స్టేషన్‌కి సంచుల కొద్దీ వచ్చే కార్డుల్లో మాది ఎక్కడుందో! ఆ సెట్టు కరెంటు మీద నడిచేది. సెల్లులు వేస్తే రెండ్రోజుల్లో తినేసేది, అందుకని వేసేవాళ్లం కాదు. ఎండాకాలం కోతలు. సరిగ్గా మా కార్డు చదివిన రోజు జనగామలో కరెంటు లేదు. మేం వినలేదు. ఆ సంగతి మాకెలా తెలిసిందంటే, వారం తర్వాత బావ పిల్లనెత్తుకుని, అక్కని వెంటబెట్టుకుని దుకాణం ముందు దిగాడు. "మామా, మా నాయిన పేరు గూడ సదివిండ్రు" అన్నాడు. అంతకుమించి ఆ గొడవ గురించి ఎవరూ మాట్లాడలేదు. మోపెడ్ ఏమైందని అడుగుతారేమో... అది ఇవ్వనే లేదు.

రేడియోనే అందర్నీ కలిపిందని నేననను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు దిగొచ్చేవాళ్లే. కానీ ఉత్తరం రాస్తే ఎవరు ముందు రాశారన్న లెక్క ఉంటుంది. మనిషిని పంపితే పెద్దరికం అడ్డొస్తుంది. పాట అడగడానికి ఆ పట్టింపులేవీ ఉండవు కదా.

తర్వాతి కాలం మీకు తెలిసిందే. 2001 జూలైలో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. మొదలైంది. 2006కల్లా హైదరాబాద్‌లో మోత మోగింది. వరంగల్‌కీ 93.5 వచ్చింది. మా అబ్బాయి దాన్ని తెగ వినేవాడు. హుషారుగా ఉంటుంది, నాకూ నచ్చుతుంది. ఆ పిల్లల గొంతుల్లో జోరు ఆకాశవాణిలో ఎన్నడూ లేదన్నది నిజమే. అయితే వాళ్లకి లైసెన్సు వచ్చేది నగరానికి, అదీ వేలంలో. ప్రకటనలిచ్చే దుకాణాలు ఎక్కడుంటే మాటలూ అక్కడివే ఉంటాయి. బచ్చన్నపేట పేరు చదివితే వాళ్లకి ఏం గిట్టుబాటవుతుంది? తప్పు వాళ్లది కాదు, లెక్క అలాంటిది.

2016 అక్టోబర్ 11న మా పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. ఛానెళ్లకి వేలం పెట్టాలని నిర్ణయించినప్పుడు జాబితా వెతికాను. మన రాష్ట్రం నుంచి కొత్తగూడెం ఉంది, ఖమ్మం, సూర్యాపేట ఉన్నాయి. మా మూడూ లేవు. జనాభా చాలదు.

జనాభాతో పనిలేని దారి ఒకటుంది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబర్ 15 నుంచి సంఘం రేడియో నడిపారు. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో 1998లోనే స్టూడియో కట్టుకున్నారు. కానీ గాలిలోకి వదిలే అనుమతి లేదు. పదేళ్లు కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి ఊరూరా సంఘాల్లో వినిపించుకున్నారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, సంఘాలకి అనుమతినిచ్చే విధానం రావడానికి మాత్రం 2006 దాకా పట్టింది. వాళ్ల స్టేషన్ చిన్నది, చుట్టుపక్కల కొద్ది ఊళ్లకే అందేది. కానీ మాట్లాడింది వాళ్ల యాసలోనే, పాడింది వాళ్ల పాటలే. మా వైపు మాత్రం పాటలకి కొదవా? ఒగ్గుకథని దేశమంతా తిప్పిన చుక్క సత్తయ్యది జనగామ జిల్లా మాణిక్యాపురమే. బతుకమ్మ పాటలు తెలియని ఇల్లు లేదు. తండాల్లో తీజ్ పాటలు సరేసరి. మాచనూరుకి సాధ్యమైంది మానుకోటకి ఎందుకు కాదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంటుంది.

నాయిన పోయి పదేళ్లు దాటింది. చిన్నాయిన రిటైరై భూపాలపల్లిలోనే ఇల్లు కట్టుకున్నాడు. మా నాయనమ్మ పేరున్న ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. మొన్న సంక్రాంతికి అందరం మానుకోటలో కలిసినప్పుడు తనకి ఈ కథంతా చెప్పాను. వెంటనే ఫోను తీసింది. "ఏం పాట పిన్నీ? పెడతా" అంది.

నాకు గుర్తు లేదు. ఘంటసాల పాటని అమ్మ. కాదు, బాలు, జానకి కలిసి పాడిందని అక్క. తను కార్డులో మూడు పాటలు రాశానని, వాళ్లు ఏది వేశారో తెలియదని బావ. చిన్నాయిన అయితే ఆ రోజు తనూ విన్నానని, పేర్లు చదవడం అయ్యేసరికే వార్తల టైమైందని, అసలు పాటే వేయలేదని గట్టిగా వాదించాడు.